ఉన్న ఉద్యోగం వదలకుండా కొత్తది వెతుక్కోవడం: శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం మొదటి నుంచి చివరిదాకా

ఉద్యోగం మారాలి అనుకోగానే మనోళ్లు చేసే మొదటి పని ఏటంటే రెజ్యూమే తయారుచేసి నౌకరీ వెబ్‌సైట్లో పడేసి, కనబడిన ప్రతిదానికీ అప్లై కొట్టేయడం. తర్వాత రెండు వారాలు ఫోన్లు వస్తాయి, అవి డ్యూటీలో ఉండగా వస్తాయి, ఎత్తలేం, విసుగొచ్చి వదిలేస్తాం, మళ్లీ ఇంక్రిమెంట్ లెటర్ చేతికొచ్చాక కోపం వచ్చినప్పుడు మొదలెడతాం. ఖాళీగా ఉండి వెతికేవాడికి టైం ఉంటుంది కానీ తొందర ఉంటుంది, మనకి టైం ఉండదు కానీ తొందర లేదు, నెల జీతం పడుతోంది కాబట్టి నచ్చనిదానికి "వద్దండి" అని చెప్పగలం. ఈ ఒక్క సౌకర్యాన్ని వాడుకునేలా ప్లాన్ చేసుకోవాలి, అందుకే కింద రెజ్యూమే ఆరో మెట్టులో వస్తుంది.

పైడిభీమవరం ఫార్మా షిఫ్టుల్లో చేసేవాళ్లని, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో, గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్స్‌లో, ప్రైవేట్ కాలేజీల్లో, మిల్లుల అకౌంట్స్‌లో చేసేవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నా. ఐటీ వాళ్లకి కూడా చాలావరకు పనికొస్తుంది.

1. ముందు అపాయింట్‌మెంట్ ఆర్డర్ బయటకి తియ్యండి

బీరువాలో టెన్త్ మార్క్స్ లిస్టు ఉన్న కవర్లోనే ఎక్కడో ఉంటుంది. అందులో చూడాల్సినవి: నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, అది ప్రొబేషన్‌లో ఒకలా కన్ఫర్మ్ అయ్యాక ఇంకోలా ఉందా, నోటీస్ తగ్గితే డబ్బు కట్టి బయటపడొచ్చా లేక అది కంపెనీ ఇష్టమా, బాండ్ ఏదైనా రాయించుకున్నారా, మిగిలిన లీవులకి డబ్బులిస్తారా లేక నోటీస్‌లో సర్దుతారా. చాలామందికి తమ నోటీస్ నెలా, రెండు నెలలా కూడా తెలీదు, హెచ్ఆర్ మొదటి కాల్‌లోనే అడిగే ప్రశ్న అది, అక్కడ "కనుక్కుని చెప్తానండి" అంటే ఆ కాల్ అయిపోయినట్టే.

నోటీస్ తెలిశాక వెనక నుంచి లెక్క కట్టండి. పిల్లల్ని విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్కూల్లో వెయ్యాలంటే జూన్ రెండో వారానికి అక్కడ ఉండాలి. నోటీస్ రెండు నెలలైతే ఏప్రిల్ మొదట్లో రిజైన్ చెయ్యాలి, ఆఫర్ మార్చిలో చేతిలో ఉండాలి, ఇంటర్వ్యూలకీ డాక్యుమెంట్ల వెరిఫికేషన్‌కీ రెండు నెలలు వేసుకుంటే జనవరికే వేట మొదలైపోవాలి. సంక్రాంతి అయ్యాక చూద్దాంలే అనుకుంటారు చూడండి, అదిగో అక్కడే ఆలస్యం అవుతుంది.

2. తప్పు నెలలో వెళ్తే ఎంత పోతుందో చూస్కోండి

గ్రాట్యుటీ పర్మనెంట్ ఉద్యోగికి 5 ఏళ్ల సర్వీసు నిండితే వస్తుంది. ఏడాదికి 15 రోజుల జీతం, నెలకి 26 రోజుల లెక్కన. చివరి బేసిక్, డీఏ కలిపి 18,000 అయితే 5 ఏళ్లకి సుమారు 51,900. ఇక్కడ చాలామంది గమనించని విషయం, నోటీస్ పీరియడ్‌లో పని చేసిన రోజులు కూడా సర్వీసే. నాలుగేళ్ల పది నెలల దగ్గరున్నారు, నోటీస్ రెండు నెలలు అంటే మీరు ఆఫర్ వదులుకుని కూర్చోనక్కర్లేదు, చివరి పనిదినం 5 ఏళ్లు దాటిన తర్వాత పడేలా తేదీ రాసుకుంటే చాలు. నోటీస్ కొనుక్కుని ముందే వెళ్లిపోతే మాత్రం చెయ్యి జారే ప్రమాదం ఉంది. ఫిక్స్‌డ్ టర్మ్ మీద కంపెనీయే నేరుగా తీసుకున్నవాళ్లకి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన లేబర్ కోడ్ ప్రకారం ఒక్క ఏడాదికే గ్రాట్యుటీ లెక్కలోకి వస్తుంది, కాకపోతే కాంట్రాక్టర్ కింద చేసేవాళ్లు తమది ఫిక్స్‌డ్ టర్మ్ అనుకోవద్దు, ఆ రెండూ వేరు, లెటర్ మీద ఎవరి పేరుందో చూడండి.

ఈఎస్ఐ సంగతి ఇంకా ముఖ్యం. నెల జీతం 21,000 దాటితే కొత్త కంపెనీలో ఈఎస్ఐ ఉండదు. 20,500 నుంచి 23,000కి వెళ్తున్నాం అని సంబరపడతాం, ఇంట్లో అమ్మకి బీపీ, షుగర్ మందులు ఈఎస్ఐ డిస్పెన్సరీలోనే తెచ్చుకుంటున్నాం అనేది ఆ సంబరంలో గుర్తుండదు. కొత్త కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో భార్యాపిల్లల వరకే ఉంటుందా, తల్లిదండ్రులు కూడా ఉంటారా అని ఆఫర్ టైంలో అడగాల్సిందే.

3. మీ అంకె మీరే ముందు రాసుకోండి

ఎంతిస్తే వెళ్తారు? "మంచి హైక్ ఇస్తే" అనేది సమాధానం కాదు. సొంతింట్లో ఉండి కంపెనీ బస్సెక్కి, కంపెనీ క్యాంటీన్‌లో తిని 22,000 తెచ్చుకునే మనిషి హైదరాబాద్‌లో 32,000కి చేరితే, ఇంటద్దె, అడ్వాన్సు, పండగలకి రానూపోనూ, ఊళ్లో పెద్దవాళ్ల కోసం పంపేది తీసేస్తే మిగిలేది ఇప్పటికన్నా తక్కువ కావొచ్చు. విశాఖ అయితే విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లే కాబట్టి రోజూ తిరగొచ్చు అంటారు, తిరగొచ్చు కానీ మీ కంపెనీ పరవాడలోనో అచ్యుతాపురంలోనో ఉంటే విశాఖ సిటీ దాటి ఇంకో బస్సు, ఆ లెక్క వేరు. శ్రీకాకుళం నుంచి అయితే వంద కిలోమీటర్ల పైనే, రోజూ అనే మాట మర్చిపోండి.

కాగితం మీద మూడు గీతలు చాలు. దీనికన్నా తగ్గితే వెళ్లను, దీనికైతే ఆలోచిస్తా, దీనికి వెంటనే వెళ్తా. జీతంతో పాటు షిఫ్టు, ఊరు, డిపార్ట్‌మెంట్ కూడా అందులోనే రాయండి. ఇంట్లో ఆవిడతో, అమ్మానాన్నలతో ఇప్పుడే మాట్లాడేయండి, ఆఫర్ వచ్చాక "అంత దూరమా" అన్న మాట మొదటిసారి వినకూడదు.

4. టైం ఎక్కడినుంచి వస్తుంది

వారానికి ఐదు గంటలు చాలండి, అంతకన్నా ఎక్కువ పెడతామని మొదలెట్టినవాళ్లు మూడో వారానికి ఆపేస్తారు. కాకపోతే ఆ ఐదు గంటలు మీ షిఫ్టు బట్టి మారాలి, జనరల్ షిఫ్ట్ వాళ్ల కోసం రాసిన సలహాలు మనకి అతకవు.

బీ షిఫ్ట్ వారం, అంటే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 ఉన్న వారం, బంగారం. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా హెచ్ఆర్ వాళ్లు ఆఫీసులో ఉంటారు, మీరు ఇంట్లో ఉంటారు, ఫోన్ ఇంటర్వ్యూలు, వీడియో కాల్స్ అన్నీ ఈ వారంలోకి తోసేయండి. పొద్దున్న షిఫ్ట్, అంటే 'ఏ' షిఫ్ట్ వారంలో మధ్యాహ్నం రెండింటికి దిగి ఇంటికొచ్చి కాళ్లూ చేతులూ కడుక్కునేసరికి మూడున్నర, నాలుగు నుంచి ఐదున్నర మధ్య కాల్ పెట్టుకోవచ్చు. సీ షిఫ్ట్, అంటే రాత్రి షిఫ్ట్ వారంలో ఇంటర్వ్యూ పెట్టుకోకండి, అంతే. రాత్రంతా మేలుకుని పొద్దున్న ఆరింటికి దిగి అటునుంచి అటే విశాఖ బస్సెక్కి పదిన్నరకి ప్యానెల్ ముందు కూర్చుంటే మీకు తెలిసినవి కూడా నోటికి రావు. ఆ వారం నిద్ర, తీరిక ఉంటే అప్లికేషన్లు, అంతవరకే. రోస్టర్ రాగానే రాబోయే నెలలో బీ షిఫ్ట్ ఎప్పుడో క్యాలెండర్ మీద గుండ్రం చుట్టుకోండి, హెచ్ఆర్ "ఎప్పుడు ఖాళీ" అంటే ఆ తేదీలే చెప్పాలి.

ఇంకో చిక్కు, ప్రొడక్షన్ బ్లాకుల్లోకి, ల్యాబుల్లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వని కంపెనీలు చాలా ఉన్నాయి. ఫోన్ లాకర్లో, రిక్రూటర్ కాల్ పదకొండున్నరకి, మీరు చూసేది సాయంత్రం. తిరిగి చేస్తే అది ఆఫీస్ ల్యాండ్‌లైన్, ఎవరూ ఎత్తరు. దీనికి ఒక మెసేజ్ ముందే రాసి దాచుకోండి, మిస్డ్ కాల్ చూడగానే పంపేయడానికి: "నమస్తే అండి, మీ కాల్ మిస్సయ్యాను, డ్యూటీలో ఫోన్ అనుమతి లేదు. రేపు పొద్దున్న 10 నుంచి 12 మధ్య మాట్లాడగలను. ఏ పోస్టు కోసమో, ఏ లొకేషనో ఒక్క మెసేజ్ పెట్టగలరా." సగం కాల్స్ అక్కడే తేలిపోతాయి, అక్కర్లేని లొకేషన్లకి మన గంట వృథా అవ్వదు.

అకౌంట్స్ వాళ్లకి షిఫ్టులు లేకపోయినా తేదీలు ఉంటాయి కదా, నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కి 11, 3బీకి 20. ఆ మధ్యలో లీవు అడిగితే చిటపటలాడే మొహాలే. 21 తర్వాత పెట్టుకోండి.

సిరిమానోత్సవం మంగళవారం విజయనగరంలో మనకి సెలవు, హైదరాబాద్ హెచ్ఆర్‌కి మామూలు పనిదినం. లీవు ఖర్చు లేకుండా ఇంటర్వ్యూకి దొరికే రోజు అది, అయితే ఇంటినిండా చుట్టాలుంటారు, ఊళ్లో అంత జనం మధ్య నెట్‌వర్క్ మీద కూడా నమ్మకం పెట్టుకోలేం, కాబట్టి ఊరి బయట ఫ్రెండ్ రూం ఏదైనా ఉంటేనే.

5. గుట్టు

పెద్ద సిటీలో అయితే నువ్వెవరో పక్కవాడికి తెలీదు. మన దగ్గర కంపెనీ బస్సులో మీ వెనక సీట్లో కూర్చున్నాయన మీ మేనేజర్ వీధిలోనే ఉంటాడు. బస్సులో హెచ్ఆర్ కాల్ ఎత్తి "అవునండి, ప్రెజెంట్ సీటీసీ..." అన్నారంటే రణస్థలం దాటేలోపు బస్సంతా విన్నట్టే. టీ కొట్టు దగ్గర కూడా అంతే. ఇంట్లోవాళ్లకి చెప్పాలి కానీ పెళ్లిలో మేనత్త దగ్గర "మావాడు మారిపోతున్నాడు" అనకూడదని కూడా చెప్పాలి.

ఆన్‌లైన్‌లో: నౌకరీలో ఫలానా కంపెనీకి నా ప్రొఫైల్ కనపడకూడదు అని బ్లాక్ చేసే సెట్టింగ్ ఉంది, ప్రొఫైల్ పెట్టకముందే మీ కంపెనీనీ దాని గ్రూప్ కంపెనీలనీ అందులో వెయ్యండి. లింక్డ్‌ఇన్‌లో ఓపెన్ టు వర్క్ అనే ఆకుపచ్చ రింగ్ పెట్టొద్దు, రిక్రూటర్లకి మాత్రమే అనే ఆప్షన్ పెట్టుకోండి, అదైనా మీ కంపెనీ వాళ్లకి తెలీదని లింక్డ్‌ఇన్ పూర్తి గ్యారంటీ ఇవ్వదు. ఆఫీస్ ల్యాప్‌టాప్, ఆఫీస్ వైఫై, ఆఫీస్ మెయిల్, ఆఫీస్ ప్రింటర్, ఈ నాలుగింటినీ ముట్టుకోకండి. రెజ్యూమే ప్రింటర్ ట్రేలో మర్చిపోయిన కథలు ప్రతి కంపెనీలోనూ ఉంటాయి.

లీవు కోసం బతికున్న అమ్మమ్మని చంపకండి. "పర్సనల్ పని ఉంది సార్" చాలు, వివరం చెప్తే దాన్ని గుర్తుపెట్టుకోవాల్సింది మీరే. మామూలు రోజుల్లో చిరుగు చొక్కాతో వచ్చేవాళ్లు ఒక్కరోజు ఇస్త్రీ బట్టలు, బూట్లు వేసుకొచ్చి హాఫ్ డే అడిగితే అడగక్కర్లేకుండానే తెలిసిపోద్ది, బట్టలు బ్యాగులో పెట్టుకోండి.

6. ఇప్పుడు రెజ్యూమే

రెండు పేజీలు, పీడీఎఫ్, ఫైలు పేరులో మీ పేరూ పోస్టూ. తండ్రి పేరు, మతం, హాబీలు అక్కర్లేదు. "కష్టపడే తత్వం" అని రాయొద్దు, అందరూ రాస్తారు.

పని గురించి రాసే వాక్యాలే అసలు సంగతి. "క్యూసీలో కెమిస్ట్‌గా పనిచేశాను, హెచ్‌పీఎల్‌సీ వచ్చు" అనే లైను (క్యూసీ అంటే నాణ్యత పరీక్షల విభాగం, హెచ్‌పీఎల్‌సీ అంటే శాంపిల్స్ పరీక్షించే యంత్రం) ప్రతి రెజ్యూమేలోనూ ఉంటుంది. అదే మనిషి "స్టెబిలిటీ, ఫినిష్డ్ ప్రోడక్ట్ శాంపిల్స్ హెచ్‌పీఎల్‌సీ మీద చేస్తాను, సాఫ్ట్‌వేర్ ఎంపవర్, ఓఓఎస్ (పరిమితికి బయట ఫలితం) వచ్చినప్పుడు ప్రాథమిక విచారణ రాశాను, యూఎస్‌ఎఫ్‌డీఏ ఆడిట్‌లో నా సెక్షన్ డాక్యుమెంట్లు నేనే చూపించాను" అని రాస్తే చదివేవాడికి ప్రశ్నలు పుడతాయి, ఆ ప్రశ్నలకి మీ దగ్గర జవాబులుంటాయి. చెయ్యనిది ఒక్క ముక్క కూడా రాయకండి, ఫార్మాలో ఇంటర్వ్యూ చేసేది అదే పని చేసి వచ్చినవాళ్లు, రెండో ప్రశ్నకే తేలిపోతుంది. అలాగే ప్రోడక్ట్ వివరాలు, బ్యాచ్ రికార్డుల ఫొటోలు బయటకి తేవొద్దు, అది ఉద్యోగం పోగొట్టే పని.

జీతం, సర్వీసు తేదీల్లో అబద్ధం ఆడొద్దు. పేస్లిప్పులు అడుగుతారు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో మీరు ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో ఉంటుంది.

7. ఎవరిని అడగాలి

పోర్టల్స్ ఉండాలి, నౌకరీ ప్రొఫైల్‌లో వారానికోసారి చిన్న మార్పు చేస్తుంటే రిక్రూటర్ వెతుకులాటలో పైకి వస్తూ ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉచితం, స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ జాబ్ మేళాలు ఎక్కువగా ఫ్రెషర్స్‌కి పనికొస్తాయి. కానీ నాకైతే నమ్మకం పాత సహోద్యోగుల మీదే. మీతో పనిచేసి పరవాడకో, దువ్వాడ సెజ్‌కో, హైదరాబాద్‌కో వెళ్లినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఫోన్ కాంటాక్టుల్లో చూడండి, పది పేర్లు ఈజీగా వస్తాయి. పండగ శుభాకాంక్షల ఫార్వర్డ్ తర్వాత మూడేళ్లకి డైరెక్టుగా "ఏవైనా ఉద్యోగాలున్నాయా" అంటే బావుండదు అనిపిస్తుంది కానీ నిజానికి ఎవరూ ఏమీ అనుకోరు, చాలా కంపెనీల్లో రిఫరల్ బోనస్ కూడా ఉంటుంది. ఇలా పెట్టొచ్చు:

"అన్నయ్యా నమస్తే, బావున్నారా. నేను ఇంకా క్యూసీలోనే ఉన్నాను, మారదామనుకుంటున్నాను. మీ సైట్‌లో ఖాళీలు పడితే చెప్పండి, రెజ్యూమే పంపుతాను. నోటీస్ రెండు నెలలు. ఇక్కడ ఎవరికీ తెలీదు, మీ దగ్గరే ఉంచండి."

నోటీస్ మెసేజ్‌లోనే ఉండటం వల్ల ఆయన మళ్లీ అడగక్కర్లేదు, నేరుగా హెచ్ఆర్‌కి ఫార్వర్డ్ చేసేస్తాడు.

ఎవరితో ఏం మాట్లాడారో ఒక నోట్‌బుక్కులో రాయండి. తేదీ, కంపెనీ, మాట్లాడిన మనిషి, ఎంత అడిగాం, మళ్లీ ఎప్పుడు. ఒకే కంపెనీకి ఇద్దరు కన్సల్టెంట్ల ద్వారా రెండు వేర్వేరు జీతాలు చెప్తే ఇద్దరి దగ్గరా పేరు పోతుంది.

డబ్బులడిగే ఉద్యోగం ఉద్యోగం కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, యూనిఫాం ఛార్జీ, పేరు ఏదైనా. విదేశం అయితే ఇంకా జాగ్రత్త, 2024లో కంబోడియాలో డేటా ఎంట్రీ అని చెప్పి మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాల సంగతి విశాఖ పోలీసులు బయటపెట్టారు కదా. ఏజెంటుకి లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు, లైసెన్స్ ఉన్న ఏజెంటు అయినా సర్వీస్ ఛార్జీ 30,000, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

8. ఇంటర్వ్యూ

ఫార్మా వాక్-ఇన్‌లు ఎక్కువగా ఆదివారాలు విశాఖ హోటళ్లలో జరుగుతాయి. టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్, జిరాక్స్‌లు, మూడు నెలల పేస్లిప్పులు, ఆధార్, పాన్, ఫొటోలు ఒక ఫైల్లో ఎప్పుడూ రెడీగా ఉంచండి. పొద్దున్నే వెళ్లండి, పదింటికి వెళ్తే సాయంత్రం దాకా నిలబడాలి, మర్నాడు పొద్దున్న షిఫ్ట్ ఉంటే నరకం. క్యూలో మీ షిఫ్ట్ ఇన్‌చార్జే మీ ముందు ఫైలు పట్టుకుని ఉండొచ్చు, అలాంటప్పుడు నవ్వి పక్కకి చూడటమే ఇద్దరికీ మంచిది, ఆయనా చెప్పడు, మీరూ చెప్పరు.

వీడియో ఇంటర్వ్యూకి ఫోన్ ఛార్జింగ్ నిండుగా, రెండో సిమ్‌లో డేటా, ఫోన్ కదలకుండా పుస్తకాలకి ఆనించి, మొహానికి ఎదురుగా కిటికీ. కరెంటు పోవచ్చని ముందే అనుకోండి.

"ఎందుకు మారుతున్నారు" అంటే పాత మేనేజర్ని తిట్టకండి, వాళ్లు ఒకరికొకరు తెలిసే ఉంటారు, ఈ బెల్టు చిన్నది. రిఫరెన్సు అడిగితే ఇప్పటి మేనేజర్ పేరు ఇవ్వొద్దు, కంపెనీ వదిలిన పాత సీనియర్ పేరు ఆయన్ని అడిగి ఇవ్వండి. ఇప్పటి కంపెనీలో వెరిఫికేషన్ రిలీవ్ అయ్యాకే చెయ్యమని నోటితోనూ మెయిల్‌లోనూ చెప్పండి.

9. ఆఫర్ కాగితం చదవడం

సీటీసీని, అంటే మన మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుని, 12తో భాగించి అదే చేతికొస్తుంది అనుకుంటాం. నెలకి 30,000 సీటీసీ, బేసిక్ 15,000 అనుకుందాం. కంపెనీ వైపు పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కోసం చూపించేది సుమారు 720 అందులోనే కలిపేస్తారు. మన వైపు పీఎఫ్ ఇంకో 1,800, వృత్తిపన్ను 200. చేతికొచ్చేది దగ్గర దగ్గర 25,500. అందులో వేరియబుల్ పే అని పెట్టారంటే ఇంకా తగ్గుతుంది, అది నెలనెలా ఇస్తారా ఏడాదికోసారా, గతేడాది ఎంత శాతం ఇచ్చారు అని అడగండి. షిఫ్ట్ అలవెన్సు, బస్సు, క్యాంటీన్ కోత కూడా అడగండి, అడిగితే ఆఫర్ వెనక్కి పోతుందేమో అని భయపడేవాళ్లున్నారు, లెక్క అడిగినందుకు ఎవరూ వెనక్కి తీసుకోరు.

ఎక్కువ అడగాలంటే ఒక్కసారే అడగండి, కారణంతో సహా. "ఇక్కడ బస్సు, క్యాంటీన్ ఉచితం అండి, అక్కడ ఇల్లు తీసుకోవాలి, ఇంతైతే ఈరోజే ఒప్పుకుంటాను." మెట్టు మూడులో రాసుకున్న కాగితం ఇక్కడ చేతిలో ఉండాలి.

10. రాజీనామా, బయటపడటం

"సెలెక్ట్ అయ్యారు, రిజైన్ చేసేయండి" అని ఫోన్లో చెప్తే చెయ్యొద్దు. పోస్టు, ఊరు, జీతం వివరాలు, చేరాల్సిన తేదీ ఉన్న ఆఫర్ లెటర్ కంపెనీ మెయిల్ నుంచి వచ్చాక, మెడికల్ టెస్ట్ ఉంటే అది కూడా అయ్యాకే. రాజీనామా మెయిల్‌లో పెట్టండి, చివరి పనిదినం తేదీ వేసి, ఒప్పుకున్నట్టు జవాబు తెచ్చుకోండి. అప్పుడు పిలిచి "ఎంతిస్తున్నారు, మేం కూడా పెంచుతాం" అంటారు. డబ్బు కోసమే మారుతుంటే ఆలోచించొచ్చు, షిఫ్టు కోసమో మనిషి కోసమో మారుతుంటే ఆ పెంపు ఆ సమస్యని తీర్చదు, నేనైతే ఉండిపొమ్మని చెప్పను.

పోర్టల్ లాగిన్ ఆపేయకముందే పేస్లిప్పులన్నీ, ఫాం 16లు డౌన్‌లోడ్ చేసి సొంత మెయిల్‌లో పెట్టుకోండి, కంపెనీ డాక్యుమెంట్లు మాత్రం ఏవీ కాదు. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క, ఈ మూడూ అడిగి తీసుకోండి.

కొత్త చోట పాత యూఏఎన్ (పీఎఫ్ కోసం మీకిచ్చిన) నంబరే ఇవ్వండి, కొత్తది తెరవనివ్వకండి. పాత పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ పెట్టండి, చేతికి తీసుకోవద్దు, 5 ఏళ్లు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది, పెన్షన్‌కి కావలసిన 10 ఏళ్ల లెక్క కూడా దెబ్బతింటుంది. పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ వెయ్యకపోతే చివరి పీఎఫ్ పడిన రెండు నెలల తర్వాత ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. అదే ఆర్థిక సంవత్సరంలో పాత కంపెనీ ఇచ్చిన జీతం వివరాలు కొత్త కంపెనీ అకౌంట్స్‌కి ఇవ్వండి, లేకపోతే రెండు చోట్లా మినహాయింపులు వేసేసి జూలైలో రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి పన్ను కట్టాల్సొస్తుంది.